పొట్ట పడ్డ కారు

కారుని గోడకి గుద్దించడంలో నన్ను మించినవాళ్లు లేరని ఇరవై మూడేళ్ల వయసులో నా గట్టి నమ్మకం. నిజం కారు కాదు, వీడియో గేమ్‌లో కారు. రేసు ఆటల్లో కార్లు గుద్దుకున్నప్పుడు సొట్ట ఎక్కడ పడాలి, అద్దం ఎలా పగలాలి, బంపర్ ఎటు ఊడాలి, ఇవన్నీ కంప్యూటర్‌లో తయారుచేసే ఉద్యోగం ఒకటుందంటే మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నమ్మినవాళ్లు లేరు. "బొమ్మ కారుకి సొట్టలు పెడితే జీతమిస్తారేటి?" అని పక్క క్వార్టర్ పిన్ని అడిగితే, అమ్మ "ఇస్తారట" అంది. ఆ "అట"లోనే ఆవిడ నమ్మకం ఎంతో తెలిసిపోయింది.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో పూణేలోని ఒక గేమ్ కంపెనీ నాకు టెస్ట్ పంపింది. వాళ్లిచ్చిన కారు బొమ్మ బాగా వేగంగా గోడని గుద్దితే ఎలా ఉంటుందో పది రోజుల్లో చేసి పంపాలి. నాన్నకి ఇది నచ్చలేదు. నేను రైల్వే పరీక్ష రాసి, ఇదే ఊళ్లో, కళ్లెదురుగా ఉండాలని ఆయన కోరిక. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. టెస్ట్ పాసైతే పూణే. పోతే నోరెత్తకుండా రైల్వే ఫారం నింపాలి.

నాన్న వ్యాగన్ ఎగ్జామినర్. గూడ్సు బండి యార్డులో ఆగితే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సుత్తితో తట్టుకుంటూ నడుస్తాడు. బాగోలేని వ్యాగన్ మీద సుద్దతో "సిక్" అని రాస్తే అది రిపేరుకి పోవలసిందే, ఎంత పెద్ద ఆఫీసరు అరిచినా సరే.

నేను వారం రోజులు కుర్చీ వదల్లేదు. కంప్యూటర్‌లో కారంటే వేల చుక్కలు కలిపి అల్లిన వల. దెబ్బ తగిలినచోట ఆ చుక్కల్ని జరిపితే సొట్ట. ముందుభాగం వెనక్కి నొక్కాను. నొక్కిందంతా ఎటో ఒకవైపు పోవాలి కదా అని రెండు వైపులా తలుపుల్ని గుండ్రంగా బయటికి ఉబ్బించాను. కాకిపిల్ల కాకికి ముద్దు. చూసినకొద్దీ మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్న, టిఫినయ్యాక, నాన్నని పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, తెర దగ్గరికి ఒంగి చాలాసేపు చూశాడు.

"ఏటమ్మా ఇది? కారులో బొగ్గు లోడ్ సేసినావా?"

"గోడకి గుద్దుకుంది నాన్నా."

"గోడకి గుద్దితే పొట్టెందుకు పడతాది? నోపల్నుంచి బరువు తోస్తే కదా పొట్ట పడేది. ఇది కారు కాదు, మన యార్డులో వ్యాగన్."

నా మొహం మాడిపోయింది. చిన్నప్పట్నుంచీ మా కిటికీలోంచి నేను చూసిన దెబ్బతిన్న బళ్లన్నీ బొగ్గు వ్యాగన్లే. ఏళ్ల తరబడి బొగ్గు మోసి మోసి పక్కరేకులు బయటికి ఉబ్బిపోయినవి. ఇనుము దెబ్బతినడమంటే నాకు తెలిసింది అదొక్కటే. అయినా ఒప్పుకోలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. గేముల గురించి నీకేం తెలుసని అరిచాను. రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి రాగానే స్కూటర్ తీసి "ఎక్కు" అన్నాడు. సీపత్ రోడ్డులో కార్ల సొట్టలు తీసే ఒక డెంటింగ్ మిస్త్రీ షెడ్డు ముందు ఆపాడు. అక్కడ ఎవరో కాంట్రాక్టర్ కారు, గోడని గుద్దినది, బంపర్ లేకుండా నిలబడి ఉంది. నాన్న స్టూల్ మీద కూచుని టీ తాగాడు. నేను దాని చుట్టూ తిరిగాను. బానెట్ మధ్యలో మడతపడి పైకి లేచింది. మడత దగ్గర మాత్రమే రంగు పెచ్చులూడింది. తలుపు మీద గీత కూడా లేదు. సరే, ఇది బాగానే ఉందనుకుని పిడి పట్టి లాగాను. రాలేదు. మిస్త్రీ నవ్వి, చక్రం పైనున్న రేకు వెనక్కి జరిగి తలుపు అంచుని బిగించేసిందని హిందీలో చెప్పాడు. దెబ్బ ముందు తగిలితే తలుపు పట్టేసింది! నోట్‌బుక్ తీసి గీసుకోవడం మొదలుపెట్టాను.

మిగిలిన రెండ్రోజుల్లో అంతా చెరిపి మళ్లీ చేశాను. పొట్టలు తీసేశాను. బానెట్ మడతపెట్టాను. తలుపు చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ తెరుచుకోదు. ఈసారి నాన్నకి చూపించకుండానే పంపేశాను, అంత పొగరు.

కంపెనీ వాళ్లు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు. మిగతావాళ్లందరూ కారుని నలిపారనీ, తెరుచుకోని తలుపు నేనొక్కదాన్నే పెట్టాననీ చెప్పి, వచ్చే నెల చేరమన్నారు. నేను సదర్ బజార్‌కి పోయి పేడాలు తెచ్చి కాలనీ అంతా పంచాను. ప్రతి గుమ్మం దగ్గరా నాది ఒకటే మాట. నేననుకున్నానంటే జరగాల్సిందే, నన్నాపేవాళ్లు ఇంకా పుట్టలేదు.

ఆఖరి డబ్బాతో ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. లోపల అమ్మ నాన్నతో అంటోంది.

"ఆ పొద్దు బాగుందమ్మా అనేసి ఊరుకుంటే పిల్ల ఇక్కడే ఉండును కదా. నువ్వే నోరు జారినావు."

"జారలేదే, తెలిసే అన్నాను" అన్నాడు నాన్న. "సూడగానే తెలిసింది, అది పంపితే పాసవ్వదని. ఒక్క నిమిషం ఊరుకుందారనే అనుకున్నాను."

"మరెందుకు సెప్పినావు?"

"నాకాడికొచ్చి సూడు నాన్నా అన్నాది. మరెలా సూడమంటావు?"

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నన్ను ఆపగలిగిన మనిషి ఒకరున్నారు. ఆపాలని కూడా ఉంది. తెర ముందు అంతసేపు ఒంగి ఆయన చూసింది కారుని కాదు, నేనెక్కబోయే పూణే బండిని.