బావకు నేర్పిన మ్యాటర్

ఆ రోజుల్లో మా వైపు 'మ్యాటర్' అనే మాట లేకుండా పూట గడిచేది కాదు. (ఇప్పుడూ గడవదు లెండి.) జగిత్యాల బస్టాండులో ఇద్దరు ఎదురుపడితే "మ్యాటరేందే?" అనుకోవాల్సిందే. కోరుట్లలో పెళ్లిపత్రిక అచ్చువేయించడానికి పోతే, దుకాణంలో మొదట అడిగేది "మ్యాటర్ తెచ్చిండ్రా?" అనే. పొలం గట్టు తగాదా తెగితే మ్యాటర్ సెటిలైనట్టు, పక్కింటి పిల్లగాడు ఫోను పట్టుకుని మేడ మీద తిరుగుతుంటే ఏదో మ్యాటర్ నడుస్తున్నట్టు. బడిలో సైన్సు సారేమో గాలి, నీళ్లు, బండరాయి అన్నీ మ్యాటరేనని తేల్చేశాడు. ఇన్ని పనులు చేసే మాటను జనానికి విడమరిచి చెప్పే బాధ్యత నాదే అనుకున్నాను. ఎందుకంటే అప్పుడే డిగ్రీ ముగించి, కోరుట్లలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో టీచరమ్మనయ్యాను. చేరిన వారానికే కళ్లజోడు కూడా కొన్నాను (చూపు బాగానే ఉండేది).

సెంటరు బయట నా మొదటి శిష్యుడు సిరిసిల్లలో ఉండే మా బావ. మరమగ్గాల మీద పని. ఒక నెల పని దొరికితే ఇంకో నెల దొరికేది కాదు, అందుకని దుబాయికి ప్రయత్నం మొదలుపెట్టాడు. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది, నాలుగు ముక్కలు ఇంగ్లీషు రావాలన్నాడట ఏజెంటు. అక్కకు ఆయన పోవడం ఇష్టం లేదు. అయినా పైకి అనేది కాదు. నేను సెంటరుకు సెలవు పెట్టి వాళ్లింట్లోనే దిగాను. పాఠం జరిగినంతసేపూ అక్క చాట ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా బీడీలు చుట్టేది. ఒక్కసారి మాత్రం వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "వద్దంటే ఆయిన మనసు ఇరుగుతది, పొమ్మంటే నా మనసు ఇరుగుతది. జెర నిమ్మలంగ నేర్పు చెల్లే" అంది. దాన్ని నేను బోధనా పద్ధతి మీద సలహా అనుకుని, మర్నాటి నుంచి ఇంకా జోరు పెంచాను.

మగ్గాల చప్పుడులో ఏళ్లు గడిపిన మనిషి కదా, బావ గొంతు చాలా పెద్దది. ఉప్పు అందించమంటే పొరుగువాళ్లు ఏం గొడవోనని తొంగిచూసేవాళ్లు. ఇక ఆ గొంతుతో ఇంగ్లీషు! మిగతా మాటలకు తలా ఒక రోజు ఇచ్చి, మ్యాటర్‌కు మాత్రం వారం కేటాయించాను. "ఆగద్దు బావా, మ్యాటర్ అని వినవడంగనే అర్థాలన్ని గడగడ చెప్పెయ్యాలె" అని తరిఫీదు ఇచ్చాను. ఆయన గోడలు అదిరేటట్టు అప్పజెబుతుంటే ఎదురింటి అవ్వ కర్ర పట్టుకుని వచ్చేసింది. "ఏమైందే బిడ్డా, కొట్టుకుంటున్నరా?"

"లేదవ్వా, సదువుకుంటున్నం" అంది అక్క.

"గిట్ల సదివితే వాడకట్టంత పాసైతది" అనుకుంటూ అవ్వ వెనక్కి తిరిగింది.

ఇంటర్వ్యూ రోజు బావ పెళ్లినాటి చొక్కా తొడిగాడు. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, నేను ఓ పక్కన కూర్చున్నాను. తెరమీద ఒక ఆఫీసరు పేరు అడిగాడు. బావ చెప్పాడు. ఆఫీసరు కుర్చీతో సహా వెనక్కి జరిగి, చెవిలోని ఇయర్‌ఫోను పీకేసి, "వాట్ ఈజ్ ద మ్యాటర్?" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"సర్! మ్యాటర్ ఈజ్ సాలిడ్, లిక్విడ్, గ్యాస్ సర్! మ్యాటర్ ఈజ్ సబ్జెక్ట్ సర్! మ్యాటర్ ఈజ్ ట్రబుల్ సర్! వెడ్డింగ్ కార్డ్ మ్యాటర్ సర్!"

ఎదురింట్లోంచి అవ్వ "శబాష్!" అంది. ఆఫీసరు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, హిందీలోకి దిగాడు. వాళ్ల ఫ్యాక్టరీలోనూ మెషీన్ల మోతేనట, దాన్ని దాటి వినిపించే గొంతు కోసమే వెతుకుతున్నారట. పాస్‌పోర్టు తయారుగా పెట్టుకోమని ఫోను పెట్టేశాడు.

నేను చప్పట్లు కొట్టాను. అక్క చేతిలో బీడీ ఆకు సగంలోనే ఆగిపోయింది. బావ ఆమెనే చూస్తూ పెదవులు కదిపాడు. ఆ మనిషి గొంతు లేకుండా మాట్లాడడం నేను చూడటం అదే మొదలు. పక్కనే ఉన్నా నాకు ఒక్క ముక్క వినపడలేదు. మగ్గాల దగ్గర మాట వినపడదు కాబట్టి వాళ్లు పెదవులు చూసి, సైగలతో పని నడుపుకుంటారు. పెళ్లయిన కొత్తలో అక్క కూడా అక్కడ నూలు కండెలు చుట్టింది. ఆమె కళ్లు తుడుచుకోకుండానే, అరచెయ్యి పైకెత్తి మెల్లగా కిందికి దించింది.

"ఏందది? ఏమంటుంది?" అన్నాను, ఇంగ్లీషు పండితురాలిని.

బావ మళ్లీ మామూలు గొంతులోకి వచ్చాడు. "పోవాల్నా ఉండాల్నా అని అడిగిన. బంద్ వెట్టుమంటుంది! మగ్గం బంద్ వెట్టుమన్నట్టు చెప్తుంది!" వాడకట్టంతా విన్నది. అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. బావ పోలేదు.

నాకు మాత్రం ఏడుపే మిగిలింది. సెంటరు ముందు బావ ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాలని ఎన్ని కలలు కన్నానో! సాయంత్రం అక్క నన్ను బస్టాండు దాకా దిగబెట్టి, బస్సు కిటికీలోంచి నా చెంప నిమిరి, "మంచిగ నేర్పినవ్ చెల్లే" అంది. అక్క నన్ను ఎగతాళి చేస్తోందని మూతి ముడుచుకుని, జగిత్యాల వచ్చేదాకా అలాగే కూర్చున్నాను, పిచ్చిపిల్లను.