ముందు స్తోత్రం

రాహేలమ్మ ప్రార్థన గుసగుస కాదు, పేచీ. వాకాడు దగ్గరి రేవులో చేపలు ఎండబెడుతూనే, ఉప్పుకి పగిలిన చేతులు ఆడిస్తూ దేవుణ్ణి నిలదీసేది. “నీ దేవుడికి చెవుడా అక్కా?” అని పొరుగింటి గురవమ్మ ఎగతాళి చేసేది. పంతొమ్మిదొందల అరవై రెండు కార్తీకంలో గాలివాన లేచిన రోజు రాహేలమ్మ కొడుకు ఏసోబు, గురవమ్మ మొగుడు చిన్నపోలయ్య వేరువేరు పడవల్లో సముద్రం మీదున్నారు. రాహేలమ్మ తడి ఇసుకలో మోకరించి ఇద్దరి పేర్లూ చెప్పి అడిగింది. మధ్యాహ్నానికి చిన్నపోలయ్య పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది. “ఏసోబు కనపళ్ళేదక్కా” అన్నాడతను. గురవమ్మ ఘొల్లుమంది. “ఉండుమే! నీ మొగుడొచ్చినాడు గదా, ముందు దానికి స్తోత్రం చెప్పనీ. నా బిడ్డ సంగతి తర్వాత అడగతా” అంది రాహేలమ్మ. ఒక్క మాటా తగ్గించకుండా చెప్పింది. ప్రార్థనలంటే నవ్వేవాళ్ళు సైతం ఆ స్తోత్రం ముగిసేదాకా కదల్లేదు. అప్పుడామె సముద్రం వైపు తిరిగి, కొడుకు పేరెత్తింది.