ఏడింటిలో రెండు

తొంభైల్లో బహ్రెయిన్‌లోని మనామా బజారులో ఒక యూదు ముసలాయన దుకాణం ఉండేది. ఒక సాయంత్రం మా లేబర్ క్యాంపు నుంచి నా పెట్టెకు తాళం కొనడానికి వెళ్లాను.

"క్యాంపుల నా టేప్‌రికార్డర్ పోయింది. మా రూముల ఉండే మల్లేశే తీసిండు. ఇయ్యాల వాని బొక్కలు ఇరగ్గొడతం," అని వచ్చీరాని హిందీలో చెప్పాను.

ఆయన తాళం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "నువ్వు మా మతంలోకి రానక్కర్లేదు భాయ్. కానీ మనుషులందరికీ ఏడు నియమాలున్నాయని మా పెద్దలు చెప్పారు. దొంగతనం చేయొద్దన్నది ఒకటి. న్యాయంగా విచారించాలన్నది ఇంకొకటి. అతను ఆ ఒకటి తప్పాడో లేదో నాకు తెలీదు. నువ్వు మాత్రం రెండోది తప్పబోతున్నావు."

తాళం తీసుకుని క్యాంపుకు వచ్చాను. మల్లేశు చుట్టూ అందరూ నా కోసమే కాచుకుని ఉన్నారు. వాణ్ణి మంచం మీద కూచోబెట్టి, "ఏమైందో నువ్వు చెప్పు," అన్నాను.

పొద్దుటి నుంచి ఆ మాట వాణ్ణి ఎవరమూ అడగలేదు.