కేల్ మడికి ఐసుముక్కలు

ఢిల్లీ మయూర్ విహార్‌లో కూరగాయల బండి మీద కేల్ ఆకుకూర కట్ట కనబడితే ఇప్పటికీ నా వేళ్ళు చల్లబడతాయి.

నా చిన్నప్పుడు ఇదే ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్లో మా వంటింటి వెనక అమ్మ కేల్ వేసింది. వైద్యానికని కాకినాడ నుంచి వచ్చిన అమ్మమ్మకు ఏదీ సయించేది కాదు. కేల్‌లో చింతపండు వేసి పప్పు చేస్తే మాత్రం, "గోంగూరలాగే ఉందే" అంటూ నాలుగు ముద్దలు తినేది.

ఏప్రిల్ ఎండలకు ఆకులు వాడిపోసాగాయి. "గర్మీ మే యే నహీ బచేగా, బేటా" అంటూ, ఈ వేడికి ఇది బతకదని తేల్చేశాడు తోటమాలి. కేల్ పోతే అమ్మమ్మ తిండి మానేస్తుందని నా భయం. రోజూ బడి నుంచి రాగానే ఫ్రిజ్‌లోని ఐసు ట్రేలన్నీ తెచ్చి మొక్కల మొదట్లో బోర్లించేదాన్ని.

"దానికి జలుబు చేస్తుందే పిల్లా!" అని అమ్మమ్మ కిటికీలోంచి నవ్వేది.

మొక్కలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. అమ్మమ్మ తిండి ఒక్క ముద్దకు వచ్చింది.

ఆమెను ఊరికి తీసుకెళ్ళిపొమ్మని డాక్టరు అప్పటికే చెప్పేశాడని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ట్రేలు రోజూ ఖాళీ అయ్యేవి. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ అన్నీ మళ్ళీ నింపి ఉంచేది.