డిస్క్ తుడవమన్నారు

మా ఇంటి కంప్యూటర్లో త్రీడీ సినిమా డిస్క్ ఉన్నట్టుండి ప్లే కావడం మానేసింది. త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని మా పాప నల్లటి తెర ముందు కూర్చుంది. డిస్క్‌ను ప్లే చేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "డిస్క్ తుడవండి." ఎన్నిసార్లు తుడవాలి? మాదాపూర్ వెళ్లే మెట్రోలో వాళ్లను ఫోన్లోనే కడిగిపారేశాను.

పక్క సీటాయన మెడలోని ఐడీ కార్డును చొక్కా జేబులోకి తోసి, నెమ్మదిగా అన్నాడు:

"మీ డిస్క్ మంచిగనే ఉంది సార్. కొత్త అప్‌డేట్‌ల త్రీడీనే తీసేసిండ్రు. పాత వెర్షన్ వేసుకోండ్రి."

"మరి తుడవమంటారేం?"

"గట్లనే చెప్పమని మాకు రాసిచ్చిండ్రు."

సినిమా ఆ రోజే ప్లే అయింది. ఆ కంపెనీని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. ఆయన్ని మాత్రం తిట్టలేను. ఆ రోజు మెట్రోలో స్టేషన్ రాగానే ఆయన కార్డును జేబులోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ మెడలో సర్దుకున్నాడు.