మారిషస్ సభల్లో ఒక మధ్యాహ్నం నిద్ర

ఎనభైల మొదట్లో మారిషస్‌లో తెలుగు సాహిత్య సభలకు నన్ను పిలిచినారు. అప్పుడు నేను నంద్యాలలో కాలేజీలో తెలుగు చెప్తూ, కథలు రాస్తుండేదాన్ని. పిలుపు వచ్చినప్పుడు సంతోషమే. నంద్యాలలో మీటర్‌గేజి బండెక్కి, గుంతకల్లులో మారి బొంబాయి చేరేసరికే ఒళ్లు హూనమైంది. విమానంలో కన్ను మూతపడలేదు.

దిగినప్పటినుంచీ దండలు, శాలువలు, ఉపన్యాసాలు. తెలుగు తేనె అని ఒకాయన, కాదు అమృతమని ఇంకొకాయన. ముందు వరుసల్లో కూర్చున్నది ఎక్కువగా మాతో వచ్చినవాళ్లే. ఎప్పుడో ఓడల్లో చెరుకు తోటల పనికి వచ్చినవాళ్ల సంతానం మాత్రం వెనక కూర్చోని, మా మాట అర్థం కాకపోయినా చప్పట్లు కొడుతుండిరి.

నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. "అమ్మా, కాస్త తొందరగా ముగించండి" అన్నాడు అధ్యక్షుడు నా చెవిలో. నాది కరువులో ఎద్దును అమ్ముకునే రైతు కథ. మా సీమ మాటల్లోనే రాసినాను. రైతు ఎద్దు మెడ పట్టుకోని "నన్నిడిసి యాడికి పోతాండావప్పా" అని ఏడ్చే చోట ముందు వరుసలో నవ్వినారు. యాసకు నవ్వినారు గానీ, వాళ్ల మనసులో చెడు లేదు. నేను అక్కడితో ఆపి దిగొచ్చినాను. ఎందుకు ఆపినావని ఎవరూ అడగలేదు.

వెనక వరుసలో ఒక ముసలామె పక్కన కూలబడినాను. ఆమె నా మొగం చూసి కోడలితో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. "మీరు చాలా అలిసిపోయినారంట. మా ఇల్లు దగ్గరే, రమ్మంటోంది" అని కోడలు ఇంగ్లీషులో అనింది. కాదనే ఓపిక కూడా లేక వాళ్లెంబడి పోయినాను.

చెరుకు తోట అంచున రేకుల ఇల్లు. ముసలామె అన్నం, పప్పు పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చోని, "అమ్మ... నాయన... నీళ్లు... గోవిందా" అని తనకొచ్చిన తెలుగంతా అప్పజెప్పింది. "నాయన" అన్నప్పుడు తినేది ఆపి ఆమె మొగం చూసినాను. అచ్చం మా ఊరు ఆళ్లగడ్డలో పలికినట్లే పలికింది. తర్వాత మంచం మీద దుప్పటి పరిచి, పడుకోమని చేత్తో తట్టి చూపించింది.

లేచేసరికి పొద్దు వాలింది, తిరిగి పోయేసరికి సభలు ముగిసినాయి. "సన్మానానికి ఎన్నిసార్లు పిలిచినా పలకరేమండీ!" అని అధ్యక్షుడు మండిపడినాడు. నాకు ఏ బాధా కలగలేదు.

నంద్యాలకు వచ్చినాక కాలేజీలో నాకు అభినందన సభ పెట్టినారు. ముసలామె సంగతి ఎత్తుకుంటే, "అవి కాదు మేడం, సభల గురించి చెప్పండి" అన్నారు. బాగా జరిగినాయని చెప్పి కూర్చున్నాను.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కినాను. మా నాయన ఇంటిముందర కూర్చోని శెనక్కాయలు వలుస్తున్నాడు.

"ఆడ ఏం పంట మా?" అన్నాడు.

"చెరుకు. యాడ జూసినా చెరుకే."

"నీళ్లుండే దేశమన్నమాట" అని చాట నా పక్కకు జరిపినాడు. పొద్దుగూకేదాకా ఇద్దరం వలుస్తూ కూర్చున్నాం.