లేసులు కట్టుకున్న ఐతారం

ఆ రోజుల్లో గడియారానికీ నాకూ పడేది కాదు. పరీక్ష హాల్లో పరుగెత్తేది, మధ్యాహ్నం క్లాసులో కదలనని మొరాయించేది. అలాంటిదాన్ని ఒక్క సాయంత్రమైనా నా చెప్పుచేతల్లో పెట్టుకోగలనని నమ్మాను చూశారూ, ఆ తెలివి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి.

అప్పుడు నేను కండ్లకోయ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాన్నగారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి శామీర్‌పేటలో కొత్తగా వెలసిన కాలనీలో స్థిరపడిన కుటుంబం మాది. చుట్టుపక్కల కుర్రాళ్లంతా కలిసి పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టులో నేను గోల్‌కీపర్‌ని. (ప్రతిభ చూసి ఇచ్చిన పదవి కాదు. పొడుగ్గా ఉంటాను, పరుగెత్తలేను. అలాంటివాణ్ని ఇంకెక్కడ నిలబెడతారు?) ఆట అంతంతమాత్రమైనా ఆట నియమాలన్నీ ఫోన్లో చదివి కంఠతా పట్టాను కనుక నన్ను ‘రూల్స్ సార్’ అనేవాళ్లు. మా కెప్టెన్ పేరు ‘లెగ్‌పీస్’. వాళ్ల నాన్నకి, వాడి మాటలో బాపుకి, మేడ్చల్‌లో చికెన్ దుకాణం ఉండటం ఆ పేరుకి ఒక కారణమైతే, బంతి దొరికిందంటే వాడి కాళ్లు చూపించే పనితనం రెండో కారణం. నలుగురు చుట్టుముట్టినా నవ్వుకుంటూ బయటికొచ్చేవాడు. వాడి ఆట చూడ్డానికి పశువులు తోలుకెళ్లే పెద్దమనుషులు కూడా ఆగేవాళ్లు, ఒక్క వాళ్ల బాపు తప్ప.

బాపు ఒకటే మాట అన్నాడట. “ఒక్కపారి వచ్చి జూస్త. గా ఆటల నీకు ఇగురం ఉన్నదనిపిస్తే సాయంత్రాలు ఆడుకో. లేకుంటే రేపటి సంది కాలేజీ గాంగనే దుకాణంల కూసో.” ఇగురం అంటే నేర్పు. బాపు షరతు మాకు చెప్పినప్పుడు వాడు నవ్వుతూనే చెప్పాడు కానీ, కట్టిన బూటు లేసునే విప్పి మళ్లీ కట్టుకోవడం నేను చూశాను.

బాపు చూడ్డానికి ఒప్పుకున్న ఆట కీసర జట్టుతో కప్పు కోసం, ఐతారం నాడు, అంటే ఆదివారం. చికెన్ దుకాణం మనిషికి ఐతారం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా మైదానం రోడ్డు పక్కనే ఉండేది. సాయంత్రం కీసరకి వెళ్లే బస్సు ఆ దారినే పోయేది. అది తప్పిపోతే వాళ్లు ఇల్లు చేరడం కష్టం కనుక, బస్సు మలుపులో హారన్ కొట్టగానే ఆట ముగిసినట్టే అని రెండు జట్ల మధ్యా ఎప్పటినుంచో ఒప్పందం. రిఫరీగా ఉండే పీటీ సార్ చేతికి వాచీ ఉండేది గానీ, అసలు గడియారం ఆ బస్సే.

ఆట మొదలైన కాసేపటికే లెగ్‌పీస్ ముగ్గుర్ని దాటి అద్భుతమైన గోల్ కొట్టాడు. అందరం వాడి మీద పడ్డాం. వాడు మాత్రం మా భుజాల మీదుగా రోడ్డు వైపు చూస్తున్నాడు. బాపు ఇంకా రాలేదు. గిరాకీ వదిలిపెట్టి, షట్టరు దించి, మోపెడ్ వేసుకుని ఆయన వచ్చేసరికి ఆట సగం దాటిపోయింది. ఏప్రాన్ కూడా విప్పకుండా మా గోల్ పక్కనే వచ్చి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. (అది పనిచేసినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడేది.) లెగ్‌పీస్‌ని పిలిచి, “ఇప్పుడు మనం ఆడక్కర్లేదు, బస్సు వచ్చేదాకా నెట్టుకొస్తే చాలు” అన్నాను.

“బాపు వచ్చిండు రా. ఒక్కసారి బాల్ దీస్కొని ఉరికి చూపిస్త” అన్నాడు వాడు బతిమాలుతున్నట్టు.

“ఉరికితే బంతి పోతుంది, పోతే గోల్ పడుతుంది. ఓడిపోయినవాణ్ని మీ బాపు మెచ్చుకుంటాడా? కప్పు చేతిలో పెట్టు, ఆయనే కరిగిపోతాడు.”

వాడు నమ్మాడు. పాపం, నా మాట నమ్మినవాళ్లలో వాడే మొదటివాడు, బహుశా చివరివాడు కూడా. ఇక చూడండి మా ప్రతాపం. నేను గోల్‌కిక్ కొట్టడానికి బంతిని అటు పెట్టి, ఇటు పెట్టి, గాలి వాటం చూసి, మళ్లీ మొదటి చోటే పెట్టేవాణ్ని. మావాళ్లు వంతులవారీగా లేసులు కట్టుకున్నారు. బంతి తుమ్మ కంపలోకి పోతే దాన్ని తేవడానికి పెళ్లినడక నడిచారు. చివరికి నా సైగ అందుకుని లెగ్‌పీస్ “అమ్మా!” అని కాలు పట్టుకుని కూలిపోయాడు.

ఇందులో నేను లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. చూస్తున్నవాడు తండ్రి. “అయ్యో, నా కొడుకు కాలు!” అంటూ బాపు గీతలూ గిరులూ చూసుకోకుండా మైదానంలోకి ఉరికొచ్చాడు. కాలు ఒళ్లో పెట్టుకుని పిక్క పిసకడం మొదలుపెట్టాడు. లెగ్‌పీస్ ఆయన చెవిలో, “ఏం గాలే బాపు, ఉత్తగనే. టైమ్ పాస్ జేస్తున్నం” అన్నాడు. బాపు చేతులు ఆగిపోయాయి. ఆ కాలిని మెల్లగా కింద పెట్టి, వెళ్లి తన చోట నిలబడ్డాడు.

అంతలో దూరాన బస్సు కనిపించింది. అదే సమయంలో కీసర జట్టులో బక్కపలచని కుర్రాడొకడు బంతితో నా మీదికి దూసుకొచ్చాడు. ఇంకొక్క క్షణం ఆపితే హారన్ పడుతుందన్న ఆశతో నేను బంతిని వదిలేసి వాడి కాలు పట్టుకున్నాను. విజిల్ మోగింది. పెనాల్టీ! ఆ వెంటనే మలుపులో హారన్.

“టైమ్ అయిపోయింది సార్!” అని చేతులు పైకెత్తి అరిచాను.

పీటీ సార్ నా వైపు జాలిగా చూశాడు. “పెనాల్టీ ఇచ్చినంక అది కొట్టేదాకా ఆట ఒడువది. నువ్వు సదివిన రూల్స్‌ల గది లేదా?”

ఉంది. నాకు తెలుసు, ఆయనకి తెలియదనుకున్నాను. ఇక బస్సు వెళ్లిపోతుందేమో అన్న ఆశ మిగిలింది. డ్రైవరన్న ఇంజను ఆపేసి, “కొట్టుండ్రి, జూసే పోదాం” అన్నాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు, సగంమంది దిగే వచ్చారు.

మొదటిసారి నేను బంతిని ఆపేశాను! మావాళ్లు నన్ను ఎత్తబోయారు. పీటీ సార్ మళ్లీ విజిల్ ఊదాడు. కొట్టేటప్పుడు కీపర్ ఒక కాలైనా గీత మీద ఉంచాలి, నేను రెండు కాళ్లతోనూ ముందుకు దూకానట. మళ్లీ కొట్టారు. ఈసారి బంతి స్తంభానికి తగిలి వెనక్కి వస్తే, కొట్టిన కుర్రాడే దాన్ని నెట్‌లోకి తన్నాడు. కీసర జట్టు గంతులేసింది. నేను అంతకన్నా ఎత్తు గంతేశాను. ఎవరూ తాకకుండా కొట్టినవాడే రెండోసారి తాకకూడదు, పైగా సమయం దాటాక ఇచ్చిన పెనాల్టీకి రెండో తన్నే లేదు. “గోల్ గాదు, ఆట ఒడిసింది” అన్నాడు పీటీ సార్. మేం గెలిచాం!

లెగ్‌పీస్ కప్పు పట్టుకుని బాపు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

“ఐతారం గిరాకీ ఇడిసిపెట్టి వచ్చిన బిడ్డా,” అన్నాడు. కోపంగా కాదు, అదే మాకు భరించరాకుండా పోయింది. “నువ్వు ఆడుడు జూద్దామని వచ్చిన. లేసులు కట్టుకునుడు జూద్దామని గాదు. ఇగ రేపటి సంది దుకాణంకు రా.”

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మోపెడ్ స్టాండు తీస్తున్న ఆయన్ని మాలో ఎవరూ ఆపలేకపోయారు. ఆపినవాడు ఎవరనుకున్నారు? బస్సు మెట్టు మీద కాలు పెట్టిన ఆ కీసర కుర్రాడు. “పెద్దనాయినా, మీవోడు మస్తు ఆడ్తడే. ముందుగాల మమ్ముల గిరగిర తిప్పిండు. జర ఆగు, చూపిస్తం” అంటూ దిగొచ్చాడు. “అన్నా, ఒక్క అయిదు నిమిషాలు” అని డ్రైవరన్నని బతిమాలాడు. “ఎట్లైనా లేటయింది, ఆడుండ్రి” అన్నాడు ఆయన.

ఆ అయిదు నిమిషాలకి లెక్క లేదు, గెలుపు లేదు, రిఫరీ లేడు. బంతి దొరికిన లెగ్‌పీస్ కీసర వాళ్లని దాటాడు, ఆ ఊపులో మావాళ్లనీ దాటేశాడు. బాపు ఏ వైపు నిలబడ్డాడో ఆ వైపే వాడికి గోల్. అంటే నా గోల్! ఒట్టు, నేను శాయశక్తులా దూకాను. బంతి నా వేళ్లు దాటి మూలకి వెళ్లింది. బస్సంతా ఈలలు. బాపు ఏప్రాన్‌తో కళ్లు తుడుచుకుంటూ, “గిట్ల ఆడొస్తదని ముందుగాల ఎందుకు జెప్పలే రా!” అని కొడుకుని తిట్టాడు. ఐతారం తప్ప అన్ని సాయంత్రాలూ ఆటకి ఇచ్చేశాడు.

ఇప్పుడా మైదానంలో ప్లాట్ల రాళ్లు పాతారు. దుకాణం లెగ్‌పీస్ చూసుకుంటున్నాడు, సాయంత్రాలు ఊరి పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. నాకు ఇప్పటికీ ఓపిక తక్కువే. పోయిన ఐతారం కూడా గిరాకీ వెనక నిలబడి వాచీ చూసుకుంటూ, “జల్దీ ఇవ్వరా బాబూ” అన్నాను. వాడు కత్తి పక్కన పెట్టాడు. తాపీగా వంగి, రబ్బరు చెప్పులకి లేని లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. గల్లా దగ్గర కూర్చున్న బాపు పకపకా నవ్వాడు. నేను వాచీ విప్పి జేబులో వేసుకున్నాను.